ఎద్దు ఇచ్చిన మాట

ఒకప్పుడు ఎద్దు నెమరు వేసేది కాదు. గడ్డి తినడం, మింగడం, పడుకోవడం, అంతే దాని పని. మింగినదాన్ని మళ్ళీ నోట్లోకి తెచ్చుకుని నమలాలన్న ఆలోచనే దానికి లేదు.

ఆ రోజుల్లో ఇటలీ దేశంలో, టైబర్ నది పక్కన కొండవాలులో ఒక చిన్న పల్లె ఉండేది. అక్కడివాళ్ళు మాట్లాడేది లాటిన్. ఆ భాషలో తిండికి ఒక బుల్లి మాట ఉండేది. ఎంత బుల్లిదంటే నోరు తెరిచి మూసేలోపే అయిపోయేది. "తింటున్నాడు" అనాలంటే "ఏస్ట్" అనేవాళ్ళు.

ఇబ్బంది ఎక్కడంటే, "ఉన్నాడు" అనాలన్నా ఇంచుమించు అదే మాట. "ఎస్ట్." మనకి ఉన్నాడు వేరు, తింటున్నాడు వేరు. వాళ్ళకి తేడా అంతా ఒక్క దీర్ఘంలోనే ఉండేది. సాగదీస్తే తింటున్నాడని. పొట్టిగా అంటే ఉన్నాడని.

అందుకే పిల్లలకి మాటలొచ్చే వయసులోనే పెద్దవాళ్ళు పట్టుబట్టి నేర్పేవాళ్ళు. తిండి మాట చెప్పేటప్పుడు నోరు బాగా తెరవాలి, మాటని సాగదీయాలి.

రుఫిల్లాకి ఆ మాట నేర్పింది ఆమె పెద్దనాన్న కాస్కా. అమ్మా నాన్నా చిన్నప్పుడే పోతే ఆయనే పెంచాడు. రొట్టెముక్క చేతిలో పెట్టి, "చెప్పు తల్లీ, మన ఎద్దు ఏం చేస్తోంది?" అని అడిగేవాడు.

"ఏ...స్ట్!" అని రుఫిల్లా కొండ దద్దరిల్లేలా అరిచేది.

ఇంట్లోనే, అడ్డగోడకి అవతల ఉండేది ఎద్దు. తల పైకెత్తి, "అవును, తింటున్నాను. వినబడుతోందిలే" అనేది. అప్పట్లో ఎద్దులు మనుషులతో మాట్లాడేవి.

రుఫిల్లాకి ఇరవై ఏళ్ళు వచ్చాయి. ఆ ఏడాది కోతకొచ్చిన గోధుమ చేల మీద వడగళ్ళు పడ్డాయి. ఒక్క సాయంత్రంలో చేలన్నీ నేలకి అంటుకుపోయాయి. చలికాలం వచ్చేసరికి పల్లెలో అందరి ఇళ్ళలోనూ గాదెలు అడుగంటాయి. పొద్దున ఒకసారి జావ తాగితే మళ్ళీ మర్నాడు పొద్దునే.

అలాంటప్పుడు కాస్కాకి జ్వరం తగిలింది. అంటుకునే జ్వరం. ఆయన లోపలి గదిలో పడుకుంటే లేవలేకపోయాడు.

పల్లెవాళ్ళకి కాస్కా అంటే ప్రాణం. కొండ మీద ఊట నుంచి పొలాల దాకా రాళ్ళు పరిచి కాలువ కట్టింది ఆయనే. అందుకని పక్కింటి వీబియా ఇల్లిల్లూ తిరిగింది. "ఆయన బతకాలంటే కడుపులో ఏదో ఒకటి పడాలి. తలా ఒక పిడికెడు గింజలివ్వండి" అని అడిగింది. లేకపోయినా అందరూ ఇచ్చారు. బొత్తిగా గింజ లేని కొన్ని ఇళ్ళ వంతు వచ్చినప్పుడు వీబియా తన ఇంటి గింజలే తీసి, వాళ్ళిచ్చారనే చెప్పేది.

రోజూ పొద్దున్నే వీబియా ఆ గింజలు దంచి, జావ కాచి, మట్టిముంతలో పోసి తెచ్చేది. జ్వరం తన పిల్లలకి అంటుకుంటుందని లోపలికి వచ్చేది కాదు. తలుపు సందులోంచి ముంత అందించేది. మధ్యాహ్నం వచ్చి ఖాళీ ముంత తీసుకెళ్ళేది.

మొదటి రెండు రోజులు కాస్కా జావ తాగాడు. సగం తాగి, "చాలు తల్లీ, మిగతాది నువ్వు తాగు" అన్నాడు. రుఫిల్లా తాగింది. పెద్దాయన తాగమన్నాకే తాగింది. అందులో తప్పేమీ లేదు.

మూడో రోజు ఆయన మగతగా పడుకున్నాడు. రుఫిల్లా ముంత ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. జావ చల్లారుతోంది. పైన మీగడలా పొర కట్టింది. ఆ పొర ఒక్కటీ తీసి తింటే ఏమైంది అనుకుంది. తింది. దాని కింద వెచ్చగా ఉంది. ఒక గరిటె తాగింది. ఇంకొకటి తాగింది. ఆయన లేచాక సగమే ఇస్తే సరిపోతుందిలే, ఎలాగూ సగమే తాగుతాడు అనుకుంది. అలా అనుకుంటూనే ఉంది. ముంత అడుగు కనబడింది.

అంతలో తలుపు చప్పుడైంది.

"రుఫిల్లా! పెద్దాయన తింటున్నాడా?" అని బయట నుంచి వీబియా అడిగింది.

రుఫిల్లా పెదవుల మీద ఇంకా జావ తడి ఉంది. గబగబా తుడుచుకుంది. తినలేదని చెప్పాలి. చెబితే జావ ఏమైందని అడుగుతుంది. తింటున్నాడని చెబితే అబద్ధం.

ఆమె తలుపు దగ్గర నిలబడి, గొంతు తగ్గించి, పొట్టిగానూ కాకుండా పొడుగ్గానూ కాకుండా, "స్ట్" అన్నది మాత్రం గట్టిగా పలికి, మాట బయటికి విసిరేసింది.

బయట కొండగాలి వీస్తోంది. గాలికి పొట్టీ పొడుగూ తెలియదు. నోట్లోంచి ఏమొస్తే అది మోసుకుపోతుంది. తలుపు సందులోంచి దూరేటప్పుడు ఈలలా సాగింది. వీబియా చెవికి "ఏ...స్ట్" అని వినబడింది.

"హమ్మయ్య! నాకదే చాలు. ముంతకి మధ్యాహ్నం వస్తాలే" అంది వీబియా. ఆమె గొంతులో ఎంత సంతోషం ఉందో రుఫిల్లాకి తలుపు ఇవతలికి కూడా తెలిసింది.

"ఉన్నాడనే కదా అన్నాను. ఉన్నాడు కదా మరి. అబద్ధమేముంది?" అని రుఫిల్లా తనకి తనే చెప్పుకుంది. అయినా చెవులు వేడెక్కాయి.

అడ్డగోడ మీంచి ఎద్దు తొంగి చూసింది.

"ఇప్పుడు నువ్వు చెప్పింది పొట్టి మాటా, పొడుగు మాటా?" అని అడిగింది.

"నీకెందుకు?" అంది రుఫిల్లా.

"నాకేమీ సరిగ్గా వినబడలేదు. అందుకని అడిగాను."

రుఫిల్లా ముంత తీసుకెళ్ళి ఎద్దు మూతి కింద పెట్టింది. అంచులకి అంటుకున్న జావని ఎద్దు నాకింది. దానికీ చాలా రోజులుగా ఎండు ఆకులు తప్ప ఏమీ లేవు. నాకి, గబుక్కున మింగేసి, తల తిప్పుకుంది. మళ్ళీ ఏమీ అడగలేదు.

నాలుగో రోజు కాస్కాకి జ్వరం తగ్గి తెలివి వచ్చింది. రుఫిల్లా రెండు గరిటెలు పట్టి, "ఇంకా కావాలా పెద్దనాన్నా?" అని అడిగింది. ముంత మాత్రం వెనక్కి జరిపింది. ఆయన ఆమె ముఖంలోకి చూశాడు. "చాలులే" అని గోడవైపు తిరిగాడు.

మర్నాడు ఒక్క గరిటె. ఆ మర్నాడు నీళ్ళు మాత్రమే. రేపటి నుంచి అంతా ఆయనకే పోస్తాను అని రుఫిల్లా రోజూ అనుకునేది. నిజంగానే అనుకునేది. పొద్దున్నే ముంత చేతికి అందేది. వాసన తగిలేది. ఆకలి ఆమె కంటే ముందు లేచి కూర్చునేది.

రోజూ వీబియా అడిగేది. రోజూ రుఫిల్లా ఆ మాటే విసిరేది. గాలి మోసుకుపోయేది. ఎద్దు ముంత నాకి మింగేది.

ఒక మధ్యాహ్నం ముంత అందిస్తూ రుఫిల్లా వీబియా చెయ్యి చూసింది. వీబియా మణికట్టుకి ఒక రాగి కడియం ఉండేది. ఎప్పుడూ బిగుతుగా ఉండేది. ఇప్పుడు చెయ్యి పైకెత్తగానే అది మోచేతి దాకా జారిపోయింది. ఆ రోజు చెప్పేద్దామని రుఫిల్లా నోరు తెరిచింది. "అత్తా..." అంది.

"ఏమ్మా?"

"ఏం లేదు. చలిగా ఉంది."

ఇంకా రెండు రోజులు గడిచాయి. మూడో రోజు వీబియా తలుపు తట్టి ఆగలేదు. జావ ముంతతోనే తోసుకుని లోపలికి వచ్చేసింది. ముఖం వెలిగిపోతోంది.

"జ్వరం తగ్గిందని నువ్వు చెప్పి ఇన్నాళ్ళయింది, రోజూ తింటున్నాడాయె, ఇంక భయమేముంది? ఈపాటికి లేచి కూర్చుని ఉంటాడు. ఒక్కసారి కళ్ళారా చూసిపోతాను."

"అత్తా, ఆగు, పడుకున్నాడు..." అని రుఫిల్లా అడ్డం వెళ్ళేలోపే ఆమె లోపలి గదిలోకి అడుగుపెట్టింది.

మంచం మీద కాస్కా ఉన్నాడు. ఉన్నాడంటే ఉన్నాడంతే. బుగ్గలు లోపలికి పోయి, పక్కటెముకలు లెక్కపెట్టేలా తేలి, దుప్పటి కింద మనిషి ఉన్నట్టే లేడు. కళ్ళు మాత్రం తెరిచి ఉన్నాయి.

వీబియా మెల్లగా వెనక్కి తిరిగింది.

"రోజూ అడిగాను కదే. తింటున్నాడన్నావు కదే."

రుఫిల్లా నేలకేసి చూస్తూ అంది.

"నేను... ఉన్నాడన్నాను."

ఆ మాట నోట్లోంచి వచ్చాకే, తను ఏమందో ఆమె చెవికి వినబడింది. తలుపు సందులో ఈల వేస్తున్న గాలి కూడా ఆగిపోయింది. గోడకి అవతల ఎద్దు ఊపిరి బిగబట్టింది. రుఫిల్లా ఒళ్ళంతా కాలిపోతున్నట్టయింది. భూమి నోరు తెరిస్తే బాగుండుననిపించింది. భూమి మాత్రం తెరవలేదు. అందరి పాదాలతో పాటు ఆమె పాదాల్నీ అలాగే మోసింది.

వీబియా కొట్టలేదు, తిట్టలేదు. ముంత తీసుకుని మంచం అంచున కూర్చుని, కాస్కా తల ఒళ్ళో పెట్టుకుని, ఒక్కొక్క చుక్కా నోట్లో పోసింది. అది చూస్తూ నిలబడటం రుఫిల్లాకి తిట్లకంటే కష్టమైంది.

మూడు వారాలు వీబియా రోజూ వచ్చి తన చేత్తోనే పట్టింది. కాస్కా లేచి కూర్చున్నాడు. ఆయన లేచి కూర్చున్న రోజున రుఫిల్లా మంచం కాళ్ళ దగ్గర నేల మీద చతికిలబడింది.

"పెద్దనాన్నా, నేను అబద్ధం చెబుతున్నానని నీకు తెలుసా?"

"వినబడేది. ఆ మాట నీకు నేర్పింది నేనే కదా. నోరు తెరవకుండా చెబుతున్నావని మగతలో ఉన్నా మొదటి రోజే తెలిసింది."

"మరి పిలవలేదేం? వీబియా అత్తతో ఒక్క మాట అనలేదేం?"

కాస్కా దుప్పటి సర్దుకున్నాడు.

"మొదట్లో, ఆకలి మీదున్న పిల్ల, తిననీ అనుకున్నాను. తరవాత, ఈ రోజు నువ్వే చెబుతావు, ఈ రోజు నువ్వే చెబుతావు అని చూశాను. అలా చూస్తూనే పిలిచే ఓపిక కూడా పోయింది."

రుఫిల్లా ఏడవలేదు. ఏడిస్తే ఆయన ఓదార్చాల్సి వస్తుందని ఆపుకుంది. ఆయన కూడా ఓదార్చలేదు. చెయ్యి చాపి ఆమె తల మీద పెట్టాడు, కాసేపు ఉంచి తీసేశాడు.

ఈ సంగతి పల్లెంతా తెలిసింది. తెలిశాక ఆ బుల్లి మాట మీద ఎవరికీ నమ్మకం లేకుండా పోయింది. ఎవరింట్లోనైనా ఆ మాట వినబడితే చాలు, "తింటున్నాడా, ఉన్నాడా? సరిగ్గా చెప్పు" అని గద్దించేవాళ్ళు. చెప్పినవాడు ఎంత సాగదీసినా, "ఏమో, గాలి సాగదీసిందేమో" అనేవాళ్ళు. గాలి ఉడుక్కుని, "నేనేం చేశాను? నోట్లోంచి తిన్నగా వస్తే తిన్నగానే మోసేదాన్ని" అంది.

చివరికి అందరూ కాస్కా ఇంటి ముందు చేరారు. తిండికి ఇంకో మాట కావాలి, అబద్ధం ఆడటానికి వీల్లేని మాట కావాలి అన్నారు. ఎవరికీ ఏమీ తోచలేదు. రుఫిల్లా గుమ్మం వెనక నిలబడి వింటోంది. వాళ్ళు "ఆ మాట" అన్నప్పుడల్లా ఆమె తల ఇంకాస్త కిందికి దిగుతోంది.

అప్పుడు ఎద్దు బయటికి వచ్చి నడిమధ్యన నిలబడింది.

"నా మాట ఒకటుంది. తీసుకుంటారా?" అంది.

"ఏమిటది?" అన్నారు అందరూ.

"మందూకత్. నములుతున్నాడు అని. నమిలితే దవడ కదులుతుంది. కదిలేది ఎదుటివాడికి కనబడుతుంది. అది పొట్టిగా ఉండదు, గాలికి సాగదు. ఇంక ఏ మాటతోనూ కలవదు."

జనం ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. అది గొడ్ల మాట. గాడిదలకీ మేకలకీ వాడే మాట. మనుషులు తమ గురించి, "నేను నములుతున్నాను" అని ఎలా చెప్పుకుంటారు? కొందరు పిల్లలు కిసుక్కుమన్నారు.

"మనం చేసిన పనికి ఆ మాత్రం మోటు మాట చాలు" అన్నాడు కాస్కా గుమ్మంలోంచి. ఆయన "మనం" అన్నందుకు రుఫిల్లాకి ఇంకా సిగ్గేసింది.

సరేనన్నారు. కానీ వీబియా ఎద్దు దగ్గరికి వెళ్ళి దాని కళ్ళలోకి చూసింది.

"నువ్వు ఆ ఇంట్లోనే ఉన్నావు కదా. అడ్డగోడ ఎంతో ఎత్తు లేదు. నువ్వు చూశావా?"

ఎద్దు తల దించుకుంది.

"చూశాను. మొదటి రోజే చూశాను."

"మరి ఎందుకు చెప్పలేదు?"

"ముంత నాకనిచ్చింది. నాకాను. మింగేశాను. చెప్పాల్సిన మాటని కూడా దాంతోపాటే మింగేశాను."

వీబియా ఒక అడుగు వెనక్కి వేసింది. ఎద్దు మళ్ళీ అంది.

"ఎవరూ చూడకుండా మింగినవాడి మాట మీరెందుకు నమ్మాలి? అందుకని ఇవాల్టి నుంచి, నేను మింగింది ఏదైనా సరే, మళ్ళీ నోట్లోకి తెచ్చుకుంటాను. అందరూ చూస్తుండగా, మెల్లగా నమిలి చూపిస్తాను. ఇంక నాకు వేరే మాటలొద్దు."

అది ముందుకాళ్ళు మడిచి, అందరి మధ్యన పడుకుంది. గొంతులో ఏదో కదిలింది. మింగిన ఆకులు నోట్లోకి వచ్చాయి. కళ్ళు సగం మూసుకుని నమలడం మొదలెట్టింది. మనుషులు పిలిచారు, పలకరించారు. అది నములుతూనే ఉంది గానీ మళ్ళీ నోరు విప్పి మాట్లాడలేదు.

పల్లెలో అందరూ ఎద్దు మాటకి అలవాటు పడ్డారు. రుఫిల్లాకి మాత్రం అదీ నోటికి రాలేదు. ఆ మాట అనబోతే, ముంత నాకుతున్న ఎద్దు గుర్తొచ్చేది. తిండి పేరు ఎత్తాల్సి వస్తుందని ఆమె ఎవరింటికీ వెళ్ళేది కాదు. ఇంట్లో కూడా ఒక మూల కూర్చుని, గోడవైపు తిరిగి తినేది.

ఒక రోజు వీబియా వచ్చి చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళింది. తన పిల్లలు కూర్చున్న చోట ఆమెని కూర్చోబెట్టింది. అందరి మధ్యన ఒకటే పెద్ద గిన్నె పెట్టింది.

"నేను తినలేను అత్తా. మీ మధ్య కూర్చుని తినే ముఖం నాకు లేదు."

"ముఖం లేకపోతే చెయ్యి ఉంది కదా. గిన్నెలో పెట్టు. నేను పెట్టినప్పుడే నువ్వూ పెట్టు. నాకంటే ముందొద్దు, నా తరవాతా వద్దు."

అందరి చేతులూ ఒక్కసారే గిన్నెలోకి వెళ్ళాయి. ఒక్కసారే వచ్చాయి. రుఫిల్లా తల ఎత్తలేదు గానీ తింది.

"దీన్నేమంటారు?" అని వీబియా చిన్నకూతురు అడిగింది.

"కొమెదెరె" అంది వీబియా. లాటిన్‌లో "కొమ్" అంటే కలిసి. "ఎదెరె" అంటే తినడం, అందరికీ అనుమానం పుట్టించిన "ఏస్ట్" అందులోంచి వచ్చిందే. రెండూ అతికిస్తే కలిసి తినడం.

"నువ్వూ చెప్పు" అంది పిల్ల రుఫిల్లాతో.

"కొమ్..." అని రుఫిల్లా గట్టిగానే మొదలుపెట్టింది. తినడం అన్న ముక్క దగ్గరికి వచ్చేసరికి గొంతు దిగిపోయింది. ఆ ముక్క పెదవులు దాటలేదు. చివరి కొస "ఎరె" మాత్రం వినబడింది.

వసంతంలో కొన్ని కుటుంబాలు ఓడ ఎక్కి పడమటి దేశానికి బయలుదేరాయి. ఇప్పుడు స్పెయిన్ అంటామే, అక్కడికి. రుఫిల్లా కూడా వాళ్ళతో వెళ్తానంది.

"ఇక్కడ నిన్నెవరూ ఏమీ అనడం లేదు కదే" అన్నాడు కాస్కా.

"అనడం లేదు కాబట్టే పెద్దనాన్నా."

ఆయన కర్ర పట్టుకుని రేవు దాకా వచ్చాడు. ఓడ కదిలేముందు, "అక్కడ ఒక్కదానివీ కూర్చుని తినకు" అన్నాడు.

పడమటి దేశంలో రుఫిల్లా ఇల్లు కట్టుకుంది. పెళ్ళి చేసుకుంది. పిల్లలు పుట్టారు. ఆమె ఇంట్లో వంటయ్యాక తలుపు మూసేవాళ్ళు కాదు. దారిన పోయేవాణ్ణి కూడా పిలిచి గిన్నె దగ్గర కూర్చోబెట్టేది. పిలిచేటప్పుడు ప్రతిసారీ అదే మాట. "కొమ్" అన్నది గుమ్మం అవతలికి వినబడేది. తినడం అన్న ముక్క దగ్గర మాత్రం ముసలితనం వచ్చినా గొంతు దిగిపోయేది. పిల్లలు తల్లి దగ్గర ఆ ముక్క ఎప్పుడూ వినలేదు. వినని ముక్కని పలకలేదు. వాళ్ళ పిల్లలూ అంతే.

అప్పటినుంచే ఎద్దు ఎక్కడ పడుకున్నా, తల కాస్త వంచి, కళ్ళు సగం మూసి, మింగినదాన్ని మళ్ళీ పైకి తెచ్చుకుని అందరి ముందూ నెమరు వేస్తుంది. అప్పటినుంచే కాస్కా పల్లెవాళ్ళ పిల్లల పిల్లలు ఎక్కడ స్థిరపడితే అక్కడ ఎద్దు మాటే తిండి మాటయింది. ఇటలీలో అది మాంజారె, ఫ్రాన్సులో మాంజే, రుమేనియాలో మింకా. ఉన్నాడనే పొట్టి మాట బతికింది గానీ, తింటున్నాడనే పొడుగు మాట ఆ దేశాల్లో మళ్ళీ ఎవరి నోటా రాలేదు. ఇక స్పెయిన్ వాళ్ళని తినడాన్ని ఏమంటారని అడగండి, కొమేర్ అంటారు. ఆ మాటని విప్పి చూస్తే అందులో తినడం ఎక్కడా లేదు. కలిసి అన్నది ఒక్కటే మిగిలింది.